ఊపిరి పూత

వికారాబాద్ నుంచి తాండూరు పోయే పొద్దుటి ప్యాసింజర్‌లో, మధ్య పెట్టెలో కిటికీ పక్క సీటు పద్మారాణి టీచరుది. దాని మీద పేరేమీ రాసి లేదు, రిజర్వేషను అంతకన్నా లేదు. ఏళ్ల తరబడి అక్కడే కూర్చుంటూ వచ్చింది కాబట్టి రోజూ తిరిగే జనం దాన్ని ఆమెకు వదిలేశారు. బ్యాంకుల వాళ్లు, ఆసుపత్రి నర్సులు, పప్పుమిల్లుల గుమస్తాలు అందరూ ఆ పెట్టెలోనే ఎక్కేవాళ్లు. ధారూరు రాకముందే టిఫిను డబ్బాలు తెరుచుకునేవి. రుక్మాపూర్ దాటేసరికి ఎవరి పచ్చడి ఎవరి రొట్టెలోకి పోయిందో తెలిసేది కాదు.

ఆ సందట్లో అందరికన్నా పెద్ద గొంతు పద్మారాణిది. తాండూరు అవతల ఒక సర్కారు హైస్కూల్లో ఆమె ఫిజికల్ సైన్స్ చెబుతుంది. బడి ఇంకా ఎంతో దూరం ఉండగానే పాఠం మొదలయ్యేది. కిటికీ ఊచకు తుప్పెందుకు పట్టిందో, డబ్బాలో పెరుగెందుకు పులిసిందో అడిగినవాళ్లకీ చెప్పేది, అడగనివాళ్లకీ చెప్పేది. ఎదురు సీట్లో కునుకు తీద్దామని చూసే నర్సు సమ్రీన్ చేతులు జోడించేది. "మేడం, మీకు దండం పెడ్త. తాండూరు దాకన్న జర పండనియ్యుండ్రి" అనేది. పద్మారాణి నవ్వి, నిద్రపోయేటప్పుడు ఒంట్లో ఆక్సిజన్ ఏం పని చేస్తుందో చెప్పడం మొదలుపెట్టేది.

ఈ జూన్‌లో సమ్రీన్ హాయిగా పడుకోవచ్చు. పద్మారాణికి గొంతు పోయింది.

చలికాలంలో మెడ దగ్గర గడ్డ తేలింది. ఆపరేషన్ చేసి తీశారు. గడ్డ చెడ్డదే కానీ పూర్తిగా వచ్చేసింది, ప్రాణానికి భయం లేదన్నారు. గొంతు మాత్రం తిరిగి రాలేదు. డాక్టరు బొమ్మ గీసి చూపించాడు. గొంతులో రెండు తంత్రులుంటాయి, రెండూ కలుసుకుంటేనే మాట పలుకుతుంది, మీకు ఒకటి కదలడం మానేసింది, మీరు మాట్లాడిన ప్రతిసారీ ఆ సందులోంచి గాలి వృథాగా పోతుంది, ఆయాసం వస్తుంది, అలవాటు చేసుకోవాలి అన్నాడు. ఆయన చెప్పినట్టే అయింది. నోరు తెరిస్తే గుసగుస తప్ప ఏమీ రాదు. నాలుగు మాటలకోసారి ఆగి, బావిలోంచి చేద లాగినట్టు ఊపిరి లాక్కోవాలి.

సెలవులన్నీ వాడుకుని బడులు తెరిచిన రోజు ఆమె మళ్లీ తన సీట్లో కూర్చుంది. రైలు పెట్టెలో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. సమ్రీన్ కళ్లు మూసుకుంది కానీ, తాండూరు వచ్చేదాకా ఆ కళ్లు మూసిన రెప్పల కింద అటూ ఇటూ కదులుతూనే ఉన్నాయి.

బడి కరణ్‌కోట పోయే దారిలో ఉంటుంది. ఆ దారిలో చెట్ల ఆకులు కూడా కాస్త తెల్లగానే ఉంటాయి. ఒకవైపు బండ గనులు, ఇంకోవైపు కంది చేలు, మధ్యలో గనుల్లో పనికిరాని బండముక్కల్ని కాల్చి సున్నం చేసే బట్టీలు. ఆ పక్క ఊళ్లల్లో ఇప్పటికీ గోడలకు సున్నమే వేస్తారు. తాండూరు బజార్లో రంగు డబ్బాలు దొరక్క కాదు. రంగు మాటను పట్టి ఉంచదు, సున్నం పట్టి ఉంచుతుంది.

కొత్తగా సున్నం వేసిన గది గట్టిపడేదాకా అక్కడ ఎవరు ఏం మాట్లాడినా ఆ పూతలో ఉండిపోతుంది. తర్వాత ఎప్పుడైనా నిమ్మచెక్కతో గోడను రుద్దితే, బుస్సుమని నురగ వచ్చి, రుద్దినంత మేర దాచుకున్న మాట బయటికి వస్తుంది. ఒక్కసారే వస్తుంది. రుద్దిన చోట మళ్లీ రుద్దితే లోపలి పాత పూత పలుకుతుంది కానీ, పోయిన మాట తిరిగి రాదు. అందుకే పెళ్లి ఇంటికి సున్నం వేస్తే నోరు మంచి ముసలివాళ్లను పిలిచి కూర్చోబెడతారు. బాలింత గదికి వేస్తే పాట వచ్చినవాళ్లను వెతుకుతారు. కొట్లాడుకునే మొగుడూ పెళ్లాలు ఆ వారం రోజులూ పెరట్లోకి పోయి కొట్లాడుకుంటారు. ఇంత జాగ్రత్త పడినా, చాలా ఇళ్ల గోడల్లో ఉండేది "బర్రెను కట్టేసినవా", "చార్జర్ యాడ పెట్టినవ్" లాంటి మాటలే. మంచి మాటలు ఎప్పుడూ గుర్తు రావు కదా.

బడికి ఏటా సున్నం వేసే మహబూబ్‌బీ ఇంట్లో కూడా అంతే. ఆమె భర్త మజహర్ పోయి చాలా కాలమైంది. వంటింటి గోడలో ఆయన మాట ఒకటి మిగిలింది. ఏటా రంజాన్ మొదటి రోజు, ఇఫ్తార్‌కు ముందు, ఆమె నిమ్మచెక్కతో గోరంత మేర రుద్దుతుంది. "ఉప్పు తక్కువైంది" అంటాడాయన. ఆమె నవ్వుకుని కూరలో ఉప్పు వేస్తుంది. ఇంకా చేతి వెడల్పు గోడ మిగిలి ఉంది, తన కాలానికి సరిపోతుందని చెబుతుంది.

బడిలో మాత్రం పద్ధతి ఉంది. బడి తెరిచే ముందు సైన్సు గదికి సున్నం పడుతుంది, మొదటి వారం ఆ గదిలో పద్మారాణి ఒక్కతే పాఠం చెబుతుంది. వేరే సారు ఎవరూ ఆ గుమ్మం తొక్కరు. దానికో కారణం ఉంది. ఒకప్పుడు ఒక సైన్సు సారు హుషారు ఎక్కువై, నిమ్మచెక్కకు బదులు ల్యాబులోని యాసిడ్ గోడ మీద చల్లాడు. పూతలన్నీ ఒక్కసారే నురగలెత్తి, అప్పటిదాకా పనిచేసిన హెడ్మాస్టర్లందరూ ఒకేసారి తిట్టడం మొదలుపెట్టారు. పిల్లలు గోడ దూకి పారిపోయారు. ఆ తర్వాత ఆ గోడలో ఎవరి మాట ఉండాలన్నది ఊరే తేల్చింది.

ఈసారి పద్మారాణి బడికి వచ్చేసరికి సైన్సు గదికి తాళం ఉంది. తలుపు ముందు మహబూబ్‌బీ కాపలా కూర్చుంది. పక్కన డ్రమ్ములో వరండా గోడల కోసం అప్పుడే నీళ్లు పోసిన సున్నం పొయ్యి లేకుండానే కుతకుత ఉడుకుతోంది. ఈమెను చూసి లేచి, చేతులు కొంగుకు తుడుచుకుని, భుజం పట్టుకుంది.

"నిన్ననే పూసిన బిడ్డ. కిటికీలు గిట్ల మూసి పెట్టిన. ఒక్కల ఊపిరి గూడ సోకనియ్యలే. నీ కోసమే ఉపాసం పెట్టిన దాన్ని" అంది.

పద్మారాణి తన మెడ మీది గాటు చూపించి, చెయ్యి అడ్డంగా ఊపింది. నా దగ్గర ఏముందని అన్నట్టు. మహబూబ్‌బీకి ఆ సంగతి తెలియక కాదు. తాళం తీసి, "పో బిడ్డా. సున్నం ఇనదు, పీలుస్తది" అని మాత్రం అంది. నెలల తరబడి ఇలాంటి ఓదార్పు మాటలు విని విని ఉన్న పద్మారాణి దీన్ని కూడా వాటిలోనే కలిపేసింది.

పదో తరగతి పిల్లలు లేచి నిలబడి, ఎప్పుడూ లేనంత మెల్లగా గుడ్ మార్నింగ్ చెప్పారు. ఆమె ఏటా చెప్పే మొదటి పాఠమే మొదలుపెట్టింది. చేతిలో తాండూరు బండముక్క పట్టుకుని, దాన్ని కాలిస్తే ఏమవుతుందో చెప్పడం. మొదటి బెంచీ వాళ్లు మెడలు ముందుకు సాచారు. రెండో బెంచీ వాళ్లు మొదటి బెంచీ వాళ్ల మీదికి వంగారు. బయట చిన్న వాన మొదలై వరండా రేకుల మీద పడేసరికి రెండో బెంచీ కూడా చేజారింది. చివరి బెంచీలో కూర్చునే కరుణ చెయ్యి ఎత్తింది. గొర్లు కాసే దేవప్ప బిడ్డ కరుణ. మనసులో ఉన్నది మొహం మీద అనేస్తుంది కానీ అబద్ధం ఆడదు.

"మేడం, ఇనబడ్తలేదు."

పద్మారాణి గొంతు పెంచబోయింది. పెరగడానికి గొంతంటూ ఉంటే కదా. ఇంకొంచెం గాలి పోయింది, కళ్లు తిరిగాయి, బల్ల పట్టుకుని నిలబడింది. అయినా పాఠం ఆపలేదు. నాలుగు మాటలు, ఒక ఊపిరి, నాలుగు మాటలు, ఒక ఊపిరి. గంట కొట్టేదాకా అలాగే చెప్పింది. మర్నాడు నడుముకు కట్టుకునే మైకు తెచ్చుకుంది. ఆ మైకు మాటను వదిలేసి గాలిని పెద్దది చేసింది. పిల్లలకు పాఠం బదులు తుఫాను వినిపించింది. మూడో రోజు అంతా బోర్డు మీద రాసింది. పిల్లలు బుద్ధిగా పుస్తకాల్లోకి ఎక్కించుకున్నారు. అర్థమైందా అని సైగ చేస్తే, నొప్పించడం ఇష్టం లేక అందరూ తలలూపారు. కరుణ ఒక్కతే ఊపలేదు.

ఆ వారాంతానికి హెడ్మాస్టరు ఇమ్మానుయేలు ఆమెను తన గదికి పిలిచి, కుర్చీ తనే లాగి వేశాడు. ఆయన మంచివాడు. మంచివాడు కాబట్టి విషయానికి రావడానికి చాలాసేపు పట్టింది. పదో తరగతి పిల్లలకు ఈ ఏడాది పరీక్షలున్నాయి. సైన్సుకు మాట కావాలి. జిల్లా ఆఫీసులో, వికారాబాద్‌లోనే, ఒక కుర్చీ ఖాళీగా ఉంది. మాట్లాడే పని లేదు. రైలు తిప్పలు తప్పుతాయి, ఇంటి నుంచి నడిచిపోవచ్చు. ఆఫీసు నుంచి హరీష్ సారు వచ్చి ఒకసారి క్లాసు చూస్తాడు. పాఠం చివరి బెంచీ దాకా చేరుతోందని ఆయనకు అనిపిస్తే ఇక్కడే ఉండొచ్చు. లేకపోతే వచ్చే నెల నుంచి ఆఫీసు. "మీ మంచికే మేడం" అని ముగించాడాయన.

పద్మారాణి తల ఊపి, సైన్సు గదికి వెళ్లి తలుపు దగ్గరికి వేసుకుంది. పిల్లలు అప్పటికే వెళ్లిపోయారు. తడి ఆరని గోడకు నుదురు ఆనించి నిలబడింది. ఇంట్లో ఏడవలేదు, ఆసుపత్రిలో ఏడవలేదు, ఇక్కడ ఏడ్చింది. ఎవరికీ చెప్పలేనివి కొన్ని అక్కడ గుసగుసగా అనేసింది. అనేశాక మొహం తుడుచుకుని, నుదుటికంటిన సున్నం కూడా తుడుచుకుని, రైలుకు బయలుదేరింది.

ఇంట్లో భర్త చెన్నయ్యకు ఆఫీసు కుర్చీ సంగతి చెబితే సంతోషపడ్డాడు. ఆర్టీసీ డిపోలో మెకానిక్ ఆయన. ఏ బండికి ఎంత బరువు ఎక్కించాలో ఆయనకు తెలుసు. ఇక చాలు, ఒళ్లు కాపాడుకో అన్నాడు. అన్నం తిన్నాక చాలాసేపు చెయ్యి కడుక్కోకుండా కూర్చుని, మెల్లగా అడిగాడు.

"పద్మా, బడి గోడల నీ పాత గొంతు ఉంటది గద. పోయిన యేడుది, అటు మొన్నటిది. ఉలితోని జర పెల్లగొట్టి ఒక ముక్క తేవొద్దా ఇంటికి? నేను జాగర్తగ పెట్టుకుంట."

ఇన్ని నెలల్లో ఆయన తన గొంతు గురించి ఒక్క మాటా అనలేదు. ఆయనకు పట్టలేదేమో అనుకుంది పద్మారాణి. పట్టక కాదని ఇప్పుడు తెలిసి, గిన్నెలు సర్దే మిషతో వంటింట్లోకి పోయింది.

అయితే ఆయన మాట ఆమెలో ఇంకో ఆలోచన లేపింది. హరీష్ సారు వచ్చిన రోజు పోయినేటి పూతను రుద్దితే? కొత్త పూత కిందే ఉంది పాత గొంతు. చివరి బెంచీ ఏమిటి, రోడ్డు మీది ఆటోవాళ్లకు కూడా వినబడే గొంతు. ఒక్క పాఠం ఖర్చుపెడితే ఉద్యోగం నిలబడుతుంది. కానీ ఆ తర్వాత? రోజుకొకటి చొప్పున పద్దెనిమిదేళ్ల గొంతునూ గీకి గీకి వాడుకుంటే, దీపావళి రాకముందే ఇటుకలు బయటపడతాయి. పైగా అది మోసం కాదా అని కూడా అనిపించింది. చివరి బెంచీ దాకా చేరేది పోయినేటి పద్మారాణి కదా. వారం రోజులు ఇటూ అటూ కొట్టుకుంది. చివరికి, ఏమైతే అదైంది, ఇక్కడి నుంచి మాత్రం పోను అనుకుని ఒక నిమ్మకాయ బ్యాగులో వేసుకుంది.

హరీష్ సారు వచ్చేసరికి గోడలు గట్టిపడి తెల్లగా మెరుస్తున్నాయి. ఆయన నలభై ఏళ్ల మనిషి, మోమిన్‌పేట్ వైపు వాడు, చెప్పులు గుమ్మం బయటే విడిచి లోపలికి వచ్చాడు. కుర్చీ వేస్తే వద్దని చివరి బెంచీలో కరుణ పక్కన సర్దుకుని కూర్చున్నాడు. ఇమ్మానుయేలు తలుపు దగ్గర నిలబడ్డాడు. డ్రమ్ము కడగడానికి వచ్చిన మహబూబ్‌బీ కడిగిందే కడుగుతూ వరండాలో ఉండిపోయింది.

పద్మారాణి నిమ్మకాయ కోసి, నల్లబల్ల పక్క గోడ మీద పెట్టి రుద్దింది. ఈ ఏటి పూతలో గుసగుసే కదా ఉంటుంది, అది ఊరికే నురగై కారిపోతుంది, దాని కింద పాతది పలుకుతుంది అని ఆమె లెక్క. నురగ లేచింది. ఎప్పుడూ లేనంత లేచింది. మోచేతి దాకా కారింది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకునేలోపే గోడ మాట్లాడింది.

"గీ బండను సూడుండ్రి. మీ ఇండ్లల్ల కింద పరిచి ఉన్నది ఇదే. దీంట్ల మూడు తీర్ల పరమాణువులు ఉన్నయి. కాల్షియం, కార్బన్, ఆక్సిజన్."

అది పాత గొంతు కాదు. పాత గొంతు కంచులా మోగేది. ఇది వెడల్పుగా ఉంది, కాస్త గరుకుగా ఉంది, వాన వెలిశాక కంది చేల మీదుగా వచ్చే గాలిలా గదంతా నిండింది. కిటికీ రెక్కలు కదిలాయి. తలుపు దగ్గర ఇమ్మానుయేలు ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇది ఎవరి గొంతో అనుకుంది పద్మారాణి మొదట. బండముక్క మాట వినగానే గుర్తుపట్టింది. ఇది మొదటి రోజు పాఠం. మొదటి బెంచీ దాటని పాఠం.

"బట్టీల కాలిస్తే కార్బన్ ఊకుంటదా? కొంచెం ఆక్సిజన్ను ఎంటబెట్టుకోని గాలిల కలుస్తది. ఎనక మిగిలింది సున్నం. నీళ్లు పోస్తే పొయ్యి లేకుండనే ఉడుకుతది. గోడకు పూస్తే, పోయిన గాలి కోసం ఎదురుసూస్తది. మనం ఇడిసిన ఊపిరిల ఆ గాలే ఉంటది. దాన్ని పీల్చుకోని మళ్ల బండ అయితది. ఇది రసాయన మార్పు."

ఎక్కడా ఆగలేదు. ఆమె కళ్లు తిరిగి బల్ల పట్టుకున్న చోట, ఊపిరి కోసం వెతుక్కున్న చోట, గోడ ఏమీ దాచుకోలేదు. విడిచిన ఊపిరి మాత్రమే దాచుకుంది. అందుకే ముక్కలు ముక్కలుగా చెప్పింది ఒక్క ధారగా వస్తోంది.

చేతిలో నిమ్మచెక్క పట్టుకుని నిలబడిన పద్మారాణికి అప్పుడు తట్టింది. గొంతున్నప్పుడు ఒక మాటకు చెంచాడు గాలి సరిపోయేది. ఇప్పుడు ప్రతి మాటకూ చెంబెడు పోతోంది. గాలి వృథాగా పోతోందని డాక్టరు చెప్పాడు కానీ, ఎటు పోతోందో ఆయన గీసిన బొమ్మలో లేదు. ఆయాసపడి పోగొట్టుకున్నదంతా ఈ గోడ తాగింది. ఇన్నేళ్లుగా తనే చెబుతూ వచ్చిన లెక్క ఇది. ఇంత చిన్న లెక్క తనకెందుకు తట్టలేదా అని నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి.

"కాలిపోయింది, కరిగిపోయింది, కనబడకుంట పోయింది అంటం మనం. హాజరు పిలిచి సూడుండ్రి. మార్పుకు ముందు ఎంతమంది ఉన్నరో ఎనక గూడ అంతమందే ఉంటరు. ఒక్క పరమాణువు గూడ గైర్హాజరు గాదు. బెంచీలు మారుతరు, అంతే" అని గోడ పాఠం ముగించింది. వరండాలో మహబూబ్‌బీ డ్రమ్ము కడగడం ఆపేసింది.

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ నిమ్మరసం ఇంకా కిందికి కారుతోంది. అది కారుతున్న చోటు, ఆ సాయంత్రం ఆమె నుదురు ఆనించిన చోటు. పద్మారాణికి గుర్తొచ్చి గబగబా కొంగుతో అద్దింది. నురగ మొదలయ్యాక కొంగుకు ఆగుతుందా?

"ఇమ్మానుయేలు సారు మంచోడే" అంది గోడ. "మంచోళ్లతోనే కష్టం. వాళ్ల మీద కోపం గూడ రాదు. నేను ఆఫీసుల కూసుంట అంటే అందరు సంతోషపడ్తరు. ఒక్కరన్న వద్దు, పోకు అంటె బాగుండు. నాకు ఈడనే ఉండాలని ఉన్నది. గొంతు లేకున్న నేను టీచర్నే. ఎవలకు చెప్పాలె ఇది?"

నురగ అణిగింది. ఇమ్మానుయేలు కళ్లజోడు తీసి, తుడవాల్సిన అవసరం లేకపోయినా తుడుస్తూ నిలబడ్డాడు. పద్మారాణి గోడ వైపే తిరిగి ఉంది. ఇక ఇటు తిరిగి ఎవరి మొహం చూడాలో ఆమెకు తెలియలేదు.

హరీష్ సారు పక్కనున్న కరుణను, ఏమర్థమైందమ్మా అని అడిగాడు. కరుణ లేచి నిలబడింది. గొర్లను మలిపే గొంతు కదా, బడి అంతా వినబడింది.

"మేడం గొంతు యాడికి పోలే సార్. బెంచి మారింది."

హరీష్ సారు లేచి, చెప్పులు వేసుకోవడానికి గుమ్మం దాకా వెళ్లి, అక్కడ ఆగాడు. "ఆఫీసుల గోడలన్నిటికి ప్లాస్టిక్ పెయింట్ ఏసినం మేడం. ఆడ మీకేం పని?" అన్నాడు. ఇమ్మానుయేలు వైపు తిరిగి, మేడం ఇక్కడే ఉంటారని తను పైవాళ్లకు చెబుతానన్నాడు. వాన పడేలోపు వికారాబాద్ చేరాలని జీపెక్కి వెళ్లిపోయాడు.

ఇమ్మానుయేలు లోపలికి వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు. కళ్లజోడు పెట్టుకుని చెప్పాడు. "వద్దు మేడం. పోకుండ్రి." ఆమె కోరిన ఆ రెండు మాటలే అవి. ఆలస్యంగా వచ్చాయి కానీ వచ్చాయి.

ఆ మధ్యాహ్నం నురగ కారిన చోటును మహబూబ్‌బీ నీళ్లతో కడిగింది. పాత గొంతు పూత చెక్కుచెదరకుండా కిందే ఉంది. దాన్ని కదిలించే అవసరం రాలేదు. దాని మీద మళ్లీ సున్నం పూస్తూ, రోజూ గోడంతా పూయడం తన నడుముకు కాదని, ఏదైనా వేరే ఉపాయం చూడమని అంది. ఉపాయం పిల్లలు చూశారు. గనుల పక్కన విరిగి పడి ఉన్న బండముక్కలు, పలక కన్నా కాస్త పెద్దవి, సంచుల్లో మోసుకొచ్చారు. మహబూబ్‌బీ వాటికి పూత పెట్టి ఇస్తుంది. పద్మారాణి ముందుగా ఒక్కో బండకు ఒక్కో పాఠం చెప్పి ఆరబెట్టుకుంటుంది. క్లాసులో ఒకరు నిమ్మచెక్క రుద్దుతారు. బండ పాఠం చెబుతుంటే ఆమె బోర్డు మీద బొమ్మలు వేస్తుంది, నిద్రపోయేవాళ్ల నెత్తిన చాక్‌పీసు విసురుతుంది. ఇంతకుముందు ఈ రెండు పనులూ ఒకేసారి చేయడం కుదిరేది కాదు. ఇంటికి కూడా ఒక బండ తీసుకుపోయి చెన్నయ్యకు ఇచ్చింది. అందులో ఏముందో ఆయన ఎవరికీ చెప్పడు. నిమ్మకాయలు మాత్రం సంత నుంచి తనే తెస్తున్నాడు.

పొద్దుటి ప్యాసింజర్‌లో మధ్య పెట్టె మళ్లీ పాతదారికి వచ్చింది. పద్మారాణి కిటికీ పక్కన కూర్చుని, తడి పూత ఉన్న బండను ఒళ్లో పెట్టుకుని, దాని మీదికి వంగి రాబోయే వారం పాఠం గుసగుసలాడుతుంది. ఆ బండలోకి తమ గోల పోకూడదని పప్పుమిల్లుల గుమస్తాలు రాజకీయాలు పక్క పెట్టెలో మాట్లాడుకుంటున్నారు. ఒకరోజు ధారూరు దాటాక ఆమెకు ఏం తోచిందో, సంచిలోంచి ఎండిన చిన్న ముక్క ఒకటి తీసి, సమ్రీన్ తెరిచి పెట్టిన టిఫిను డబ్బాలోంచి నిమ్మచెక్క తీసుకుని రుద్దింది.

"కిటికీ ఊచకు తుప్పు పట్టిందంటె ఏందనుకున్నరు? ఇనుము ఆక్సిజన్‌తోని దోస్తీ చేసింది" అని పెట్టెంతా మారుమోగింది.

కునుకు తీస్తున్న సమ్రీన్ ఉలిక్కిపడి లేచింది. పెట్టెలో అందరూ ఆమె వైపే చూస్తున్నారు. ఆమె పద్మారాణి మొహం చూసింది, ముక్క చూసింది, రెండు చేతులూ జోడించింది.

"మేడం, మీకు దండం పెడ్త. తాండూరు దాకన్న జర పండనియ్యుండ్రి."

పద్మారాణి నవ్వింది. తల వెనక్కి వాల్చి, పొట్ట పట్టుకుని, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. ఆ నవ్వుకు చప్పుడు లేదు, ఉత్త గాలే. ఆమె ఒళ్లో బండ మీది పూత ఇంకా తడిగానే ఉంది.